పరలోకంలో ఆయన నన్ను గుర్తుపడతారా?

ప్రశ్న: మాది మెట్టుగూడ. నాకు 57 ఏళ్ళు. మావారు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైర్ అయ్యారు, పోయిన డిసెంబరులో ప్రభువునందు నిద్రించారు. పరలోకంలో పెళ్ళిళ్ళు ఉండవని పాస్టరుగారు వాక్యం చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అక్కడ ఆయన నన్ను గుర్తుపడతారా? భార్యగా చూస్తారా? ఏడిస్తే విశ్వాసం లేనట్టే అని సంఘంలో అంటారు, అందుకని ఏడవను. వారంలో నాలుగు రోజులు ప్రార్థన కూడికలకి వెళ్తున్నాను. మా అత్తమ్మకి 84. మతిమరుపు. రోజూ సాయంత్రం ‘వాడు డ్యూటీ నుంచి వచ్చిండా, డబ్బా కడిగినవా’ అని అడుగుతూనే ఉంటుంది. చనిపోయాడని చెప్పినా మళ్ళీ అదే. వస్తాడని అబద్ధం చెప్పలేను కదా, విసుగొచ్చి తలుపేసుకుంటున్నాను.

జవాబు: అమ్మా, మీరు అడిగిన దాన్ని ముందే తేల్చేస్తాను. ఏడుగురు అన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరిని చేసుకున్న ఆవిడ పునరుత్థానంలో, అంటే చనిపోయినవాళ్ళు తిరిగి లేచినప్పుడు, ఎవరి భార్య అవుతుందని సద్దూకయ్యులనే యూదు వర్గంవాళ్ళు యేసును అడిగారు, మత్తయి 22లో ఉంది. అక్కడ పెళ్ళి చేసుకోరు, పెళ్ళికియ్యరు అన్నాడాయన. గుర్తుపట్టరు అని మాత్రం అనలేదు. ఆయన తిరిగి లేచిన రోజు ఖాళీ సమాధి దగ్గర మగ్దలేనే మరియ ఆయన్ని చూసి తోటమాలి అనుకుంటే, ‘మరియా’ అని పేరు పెట్టి పిలిచాడు, ఆవిడకి తెలిసిపోయింది. నాకు అది చాలు. మీకు చాలకపోతే పాస్టరుగారినే అడగండి, ఆ పని నాది కాదు.

ఇక ఉత్తరం చివర్లో మీరు గబగబా రాసేసిన ఆ నాలుగు ముక్కలు. నిద్ర పట్టనిది వాటి వల్లే అనుకుంటున్నాను.

మీరు భర్తను పోగొట్టుకున్నారు, ఆవిడ కొడుకును పోగొట్టుకుంది, అదీ ఎనభై దాటాక. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆయన గురించి గట్టిగా అడుగుతున్నది ఆవిడ ఒక్కతే. మీరు మనసులో రోజంతా అడుక్కుంటున్న ప్రశ్నే ఆవిడ పైకి అడుగుతోంది, మీకు ఒళ్ళు మండేది అందుకే. ఏడుపు బిగబట్టుకుని కూర్చున్న మనిషి ముందు అలా అడిగితే ఎవరికైనా మండుతుంది. ఏడవకూడదని మీకు చెప్పిన వాళ్ళు యోహాను 11 మళ్ళీ చదువుకుంటే మంచిది. చనిపోయిన లాజరును ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ యేసు కన్నీళ్ళు పెట్టుకున్నాడు, ఆయనకి విశ్వాసం తక్కువైందా? పౌలు కూడా థెస్సలొనీకయులకు నిరీక్షణ లేని వాళ్ళలాగా దుఃఖపడొద్దని రాశాడు, అసలే దుఃఖపడొద్దని రాయలేదు. (కొన్ని సంఘాల్లో జ్ఞాపకార్థ కూడికలో విధవ ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో చూసి మార్కులేస్తారు. నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు.)

ఇంకోటి, కాస్త కఠినంగానే చెప్తాను. పక్క సిలువ మీదున్న దొంగకి ‘నేడు నాతో కూడ పరదైసులో ఉంటావు’ అని యేసు మాటిచ్చింది సిలువ మీద నుంచే. అదే సిలువ మీద నుంచి తల్లిని చూసి, పక్కన నిలబడ్డ శిష్యుడితో ‘ఇదిగో నీ తల్లి’ అన్నాడు, ఆ శిష్యుడు ఆ గడియ నుంచే ఆవిడని తన ఇంట్లో పెట్టుకున్నాడు. తల్లి సంగతి పరలోకంలో చూసుకోవచ్చులే అనుకోలేదు ఆయన. రేపు మీ ఆయన మిమ్మల్ని గుర్తుపట్టాక మొదట ఏం అడుగుతారు? నాకైతే ‘అమ్మ తిన్నదా’ అనే అడుగుతారనిపిస్తుంది. అత్తాకోడళ్ళ మధ్య పాత లెక్కలేమైనా ఉంటే ఉండనీండి, ఇప్పుడు వాటిని గుర్తుపెట్టుకున్నది మీరొక్కరే.

అబద్ధం గురించి. చనిపోయాడని మళ్ళీ మళ్ళీ చెప్పకండి, చెప్పిన ప్రతిసారీ ఆవిడకి అప్పుడే తెలిసిన చావు అది. వస్తాడనీ చెప్పక్కర్లేదు. పక్కన కూర్చుని ‘వాని కోసం చూస్తున్నవా అత్తమ్మా, నేనూ చూస్తున్న’ అనండి. అందులో అబద్ధం ఎక్కడుంది? మీరు ప్రతి ఆదివారం నమ్ముతున్నానని చెప్పేది అదే కదా. ఆ తర్వాత ఆయన చిన్నప్పటి సంగతి ఏదైనా అడగండి, పాతవి వాళ్ళకి బాగానే గుర్తుంటాయి.

ఈ జబ్బులో చీకటి పడే వేళకి గాభరా పెరుగుతుంది. ఐదున్నరకే లైట్లన్నీ వేసి చాయ్ ఇవ్వండి. గాంధీ ఆసుపత్రిలోనో నిమ్స్‌లోనో న్యూరాలజీలో ఒకసారి చూపించండి, థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా అడగండి, అవి తేడా చేసినా మతిమరుపు ముదురుతుంది. నాలుగు కూడికల్లో సాయంత్రం పూటవి మానుకోండి. ఏడుపొస్తే ఆవిడ ముందే ఏడవండి.

ఆ డబ్బా ఇంకా ఇంట్లో ఉంటే కడిగి, ఒక పొడిబట్టతో పాటు ఆవిడ ఒళ్ళో పెట్టండి. తుడుచుకుంటూ కూర్చుంటుంది.