హెచ్‌ఐవీ ఉన్న మగవాళ్లు ఏళ్ల తరబడి గంజాయి తాగితే మతిమరుపు వస్తుందా?

మీ అన్నయ్యకు నలభై ఆరేళ్లు, పన్నెండేళ్లుగా హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు, రోజూ గంజాయి తాగుతారు, ఈమధ్య చెప్పిన మాట మర్చిపోతున్నారు, ఇది హెచ్‌ఐవీ వల్లా గంజాయి వల్లా అని అడిగారు. నాకూ హెచ్‌ఐవీ ఉంది, పదహారేళ్లయింది. అందులో ఎనిమిదేళ్లు దాదాపు ప్రతి రాత్రీ గంజాయి తాగాను. మానేసి ఐదేళ్లు. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

నేను సరదా కోసం మొదలుపెట్టలేదు. అప్పట్లో రాత్రి వేసుకునే మాత్రలో ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు ఉండేది. వేసుకున్న కాసేపటికి తల తిరిగేది. కన్ను మూస్తే నిజంగా జరుగుతున్నట్టే కలలు. చనిపోయిన మా నాన్న మంచం పక్కన కూర్చుని నా రిపోర్టు పైకి చదివేవారు. పడుకోవాలంటేనే భయమేసేది. ఒక స్నేహితుడు గంజాయి ఇచ్చాడు. ఆ రాత్రి కలల్లేని నిద్ర పట్టింది, మర్నాడూ అదే కావాలనిపించింది. మమ్మల్ని చెడిపోయినవాళ్లుగా చూసేవాళ్లు ఈ సంగతి అడగరు. నాకు తెలిసినవాళ్లలో కొందరు నిద్ర కోసం, కొందరు ఆకలి కోసం, కొందరు అరికాళ్ల మంటలు తట్టుకోలేక మొదలుపెట్టారు. ఆకలి మాట అబద్ధం కూడా కాదు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీనే ప్రయోగశాలలో తయారుచేసి, డ్రోనాబినాల్ పేరుతో, ఎయిడ్స్ వల్ల ఆకలి చచ్చి బరువు తగ్గిపోయేవాళ్లకు ఇవ్వడానికి అమెరికాలో 1992లోనే అనుమతించారు.

అలాగని "చెట్టు ఆకే కదా, ఏం చేస్తుందిలే" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆకు నాకేం చేసిందో చెబుతాను.

మాత్ర వేసుకున్న ప్రతిసారీ గోడమీది క్యాలెండర్‌లో టిక్ పెట్టే అలవాటు నాది. ఒక నెల ఒకటో తేదీన ముప్పై మాత్రల కొత్త డబ్బా తెరిచాను. పంతొమ్మిదో తేదీ రాత్రి డబ్బా చేతిలోకి తీసుకుంటే బరువుగా తోచింది. మంచం మీద పోసి లెక్కపెట్టాను. పన్నెండు ఉండాలి. పద్దెనిమిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను, పద్దెనిమిదే. క్యాలెండర్ దగ్గరికెళ్లి చూస్తే ఒకటి నుంచి పద్దెనిమిది దాకా ఒక్క టిక్ కూడా తప్పలేదు, అన్నీ నా చేతివే. అంటే ఆరు రాత్రులు నేను మాత్ర వేసుకోకుండానే, వేసుకున్నానని నమ్మి టిక్ పెట్టి పడుకున్నాను. ఆ ఆరు రాత్రుల్లో ఒక్కటీ గుర్తులేదు. తాళాలు మర్చిపోవడం, పేర్లు మర్చిపోవడం అప్పటికే ఉన్నాయి, వాటిని వయసు మీదకు తోసేశాను. దీన్ని దేనిమీదకు తోయాలో తెలియలేదు. ఆ పద్దెనిమిది మాత్రలు దుప్పటి మీద అలాగే ఉన్నాయి, నేను నేలమీద కూర్చుండిపోయాను.

తర్వాతి పరీక్షలో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, 430 వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తరబడి అసలు కనిపించని వైరస్ అది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డాక్టరుగారు ప్రతిసారీ "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగేవారు, నేను "వేసుకుంటున్నానండీ" అనేవాణ్ని. ఆ ప్రశ్నకు ఇంకెవరైనా ఏం చెబుతారు? అంతకుముందు ఒకసారి గంజాయి సంగతి కొంచెం బయటపెడితే, వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినపడేలా తిట్టారు. ఆ తర్వాత నోరు విప్పలేదు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన కౌన్సెలర్ మేడమ్ మాత్రం ఇలా అడిగారు: "అందరికీ ఒకటి రెండు తప్పుతుంటాయి. మీకు ఈ నెల ఎన్ని తప్పాయి?" ఆరు అని చెప్పేశాను, గంజాయి సంగతి కూడా. ఆమె తిట్టలేదు, రాసుకున్నారు. అంతకంటే గొప్ప వైద్యం నాకు ఎవరూ చేయలేదు.

మతిమరుపుకు కారణం ఒక్కటే అయి ఉండాలని లేదు. వైరస్ సోకిన కొన్ని వారాల్లోనే మెదడుకు చేరుతుంది. నరాల కణాల్లోకి నేరుగా దూరడం కంటే, అక్కడి రక్షణ కణాల్లో చేరి వాపు పుట్టించి దెబ్బతీస్తుంది. 1996 తర్వాత మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక తీవ్రమైన మతిమరుపు జబ్బు (డిమెన్షియా) బాగా తగ్గింది కానీ, ఆలోచన నెమ్మదించడం లాంటి చిన్న ఇబ్బందులు ఇప్పటికీ కొందరిలో ఉన్నాయి. ఒకప్పుడు సీడీ4, అంటే రక్తంలోని రక్షణ కణాల లెక్క, బాగా పడిపోయినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. ఇక గంజాయి సంగతి. అందులోని టీహెచ్‌సీ మెదడులో అతుక్కునే చోట్లు కొత్త జ్ఞాపకాలు పోగుచేసే హిప్పోకాంపస్‌లో దండిగా ఉంటాయి. అమెరికాలో 1984 నుంచి నాలుగు నగరాల్లో, హెచ్‌ఐవీ ఉన్న, లేని మగవాళ్లను ఏళ్ల తరబడి, ఆరు నెలలకోసారి పిలిచి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. గంజాయి వాడకం అడిగేవారు, అంకెలనూ అక్షరాలనూ వరసగా గీతతో కలిపే పరీక్ష పెట్టేవారు. ఇలాంటి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. గంజాయి తాగేవాళ్లకూ తాగనివాళ్లకూ మధ్య కొన్నింట్లో తేడా కనిపించింది, కొన్నింట్లో లేదు. "తేడా లేదు" అన్నవాటిని చూపించి ధైర్యం చెప్పుకునేవాళ్లున్నారు. పగలు కుర్చీలో కూర్చుని గీతలు కలపడం వేరు, రాత్రి పదింటికి మత్తులో మాత్ర గుర్తుపెట్టుకోవడం వేరు. నా ఆరు మాత్రలు ఏ గీతల పరీక్షలోనూ కనపడవు.

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మాలాంటివాళ్లకు గంజాయి చేసే పెద్ద హాని మాత్ర తప్పించడం. మాత్రలు పదేపదే తప్పితే వైరస్ లేస్తుంది, మందుకు లొంగకుండా పోవచ్చు, మెదడుకు అసలు చేటు అప్పుడు.

మానేసిన మొదటి పది రోజులు నరకం. చిరాకు, చెమటలు, ఆగిపోయిన కలలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అదే సమయంలో ఎఫావిరెంజ్ తీసేసి డోలుటెగ్రావిర్ అనే మరో హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్రకు మార్చారు, అది ఉదయం వేసుకుంటున్నాను. రెండు నెలలకు పేర్లు తిరిగి నాలుకమీదకొచ్చాయి. వైరల్ లోడ్ మళ్లీ కనపడకుండా పోయింది. మందు మారడం వల్ల కొంత అంటారు. కావచ్చు, కానీ నాకు మాత్రం గంజాయి మీదే అనుమానం.

మీ అన్నయ్యకు థైరాయిడ్, బీ12, సిఫిలిస్ పరీక్షలు చేయించమని అడగండి, దిగులు ఏమైనా ఉందేమో చూడమనండి, ఇవన్నీ మతిమరుపు తెచ్చేవే. అంతకంటే ముందు ఆయన మాత్రల డబ్బా సంగతి చూడండి. చాటుగా తీసి లెక్కపెట్టొద్దు. పక్కన కూర్చుని, "అన్నయ్యా, ఈ నెల ఎన్ని తప్పాయి?" అని అడిగి, డబ్బా ఆయన చేతికే ఇవ్వండి. ఆయన్నే లెక్కపెట్టనివ్వండి.