నెల రాయని సీసా

చిరంజీవి బుజ్జికి, అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు గబ్బిలాల మీద పీహెచ్‌డీ చేస్తుందట, అదీ మగవాటి గ్రంథుల మీదట. కోనసీమలో నలుగురికీ ఏమని చెప్పుకోను?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పుకోమన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. ఆరేళ్ళప్పుడు చెరువుగట్టు రావిచెట్టు కింద పడ్డ గబ్బిలం పిల్లను గౌను ఒడిలో వేసుకొచ్చావు, గుర్తుందా? నీ దగ్గర్నుంచి లాగేసి వీపు మీద ఒక్కటిచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అయినా ఒట్టి చేతులతో పట్టుకున్నావని తెలిస్తే ఇప్పుడూ కొడతాను.

అందుకే ముందు టీకా. రేబిస్ ముందస్తు డోసులన్నీ పూర్తయ్యేదాకా ఏ గబ్బిలాన్నీ ముట్టుకోకు. పళ్ళు తినే పెద్ద గబ్బిలాల దగ్గర ఇంకా భయం. 2018లో కేరళలో నిపా వైరస్ ఎంతమందిని తీసుకుపోయిందో చూశాం, దానికి టీకా లేదు. చెట్టు కింద మాస్కు తియ్యకు. అవి కొరికి పడేసిన కాయ జోలికీ, అవి మూతిపెట్టిన కల్లు ముంత జోలికీ ఎవరినీ పోనివ్వకు. నన్ను ఒకసారి పసుపు గబ్బిలం వేలు మీద కరిచింది. కుళాయి కింద కడుక్కుని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీళ్ళ గ్లాసు చూస్తే గుండె దడదడలాడుతూ నెలల తరబడి బతికాను. ఆ టెన్షన్ నీకు వద్దు తల్లీ.

అటవీ శాఖ అనుమతి, ఎథిక్స్ కమిటీ కాగితం చేతికొచ్చాకే మొదలుపెట్టు. గబ్బిలాన్ని పొట్ట కోసి తెరిచాకే నిల్వ ఉంచే ద్రావణంలో వెయ్యి. మన ఉక్కపోతకి లోపలి గ్రంథులు ఇట్టే మెత్తబడిపోతాయి.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఎం.ఫిల్. రోజుల్లో నా పని కూడా మగ గబ్బిలాల గ్రంథుల మీదే, రెండు జాతులను పోల్చడం. పెద్ద పసుపు గబ్బిలం, చిన్న పసుపు గబ్బిలం: స్కోటోఫిలస్ హీథియై, స్కోటోఫిలస్ కూలియై. పెద్దవి సంక్రాంతి రోజుల్లో పాత రైస్ మిల్లు గోడ పగుళ్ళలో దొరికాయి. చిన్నవి మే నెలలో దింపు తీసే ఆయన కొబ్బరి ఎండు మట్టల్లోంచి తెచ్చాడు. పెద్దదాన్ని కోస్తే ప్రోస్టేట్, అంటే వీర్యానికి ద్రవం చేర్చే గ్రంథి, నానిన పెసరగింజలా ఉబ్బి, పాలరంగులో మెరుస్తోంది. చిన్నదాంట్లో మూత్రం బయటికొచ్చే దారి చుట్టూ ఆవగింజంత బుడిపె, అంతే. శరీరం బరువుతో లెక్క కట్టినా చాలా తేడా వచ్చింది. పొంగిపోయాను. జాతికీ జాతికీ ఇంత తేడా ఉందని ఇరవై పేజీలు రాసి, బొమ్మలు కూడా గీశాను.

మా గైడ్ సీసాలు వరసగా తిప్పి చూసి, "ఇవి ఏ నెలవమ్మా?" అని అడిగారు. సీసాల మీద జాతి పేరుంది, ఊరి పేరుంది. నెల రాయలేదు. నాకు గుర్తుందని చెప్పాను. "నీకు గుర్తుంటే సరిపోదు" అన్నారు, అంతకు మించి ఒక్క మాట అనలేదు. మరుసటి మే నెలలో అదే రైస్ మిల్లుకి వెళ్ళి పెద్ద గబ్బిలాన్ని తెచ్చి కోశాను. అదే ఆవగింజ. నేను పోల్చింది రెండు జాతులను కాదు, రెండు కాలాలను. ఈ గ్రంథులు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ మీద బతుకుతాయి, జత కట్టే కాలానికి ఉబ్బి తర్వాత కుంగిపోతాయి. ఆ ఇరవై పేజీలూ పక్కన పెట్టేశాను. ఒక ఏడాది పోయింది. అంతకన్నా, కుంగిన గ్రంథి కోసం ఆ జీవులను చంపింది వృథా అయిందన్న బాధ ఎక్కువ.

వృషణాలను చూసి గ్రంథుల కాలం లెక్కేద్దామనుకుంటావేమో, అదీ నమ్మకు. చలిదేశాల్లో కొన్ని గబ్బిలాలకు వేసవిలో వీర్యకణాలు తయారై, శరత్తుకల్లా వృషణాలు చిన్నవైపోతాయి. గ్రంథులు మాత్రం శీతాకాలమంతా నిండుగానే ఉంటాయి. నాగపూర్‌లో గబ్బిలాల మీద పరిశోధన చేసిన గోపాలకృష్ణ గారు 1955లో టాఫోజస్ లాంగిమానస్ అనే గబ్బిలం ఏడాది పొడవునా పిల్లలు పెడుతుందని రాశారు. అలాంటి ఒక్కదాన్ని చూసి మిగతావన్నీ అంతేననుకోకు. ఏ గ్రంథయినా "లేదు" అని రాసేముందు మాత్రం పది సార్లు ఆలోచించు. అమెరికా ఖండపు ఆకుముక్కు గబ్బిలాల్లో చాలావాటికి శుక్రాశయాలు, అంటే వీర్యానికి ద్రవం చేర్చే మరో జత గ్రంథులు, నిజంగానే లేవు. పళ్ళు తినే మన పెద్ద గబ్బిలంలో స్పష్టంగా ఉంటాయి. లేకపోవడం వేరు, కుంగి కనబడకపోవడం వేరు. పలచగా వరసగా కోసిన ముక్కలన్నీ మైక్రోస్కోపు కింద చూశాకే తేల్చు.

నలుగురూ నవ్వుతారని మీ అమ్మ దిగులు పడుతోందట. నన్నూ నవ్వారు. మగవాళ్ళ ముందు "శుక్రాశయం" అనే మాట పలకడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నువ్వు మొదటి రోజే గట్టిగా పలుకు.

నా డైరీలు అట్టపెట్టెలో సర్ది పంపుతున్నాను. అందులో పెన్సిల్‌తో కొట్టేసిన ఇరవై పేజీలున్నాయి, అవీ చదువు. పెద్ద లేబుళ్ళ కట్ట కూడా పెట్టాను. వాటి మీద నెల గడి నేనే గీశాను.

మొదటి డోసు వేయించుకున్న రోజు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా పర్లేదు, మెలకువగానే ఉంటాను.

మీ అత్త