స్ప్రింక్లర్ ఆపినా నీళ్లు ఊరుతుంటే...

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. కంట్రోలర్ (స్ప్రింక్లర్ టైమర్) ఆపేశాక కూడా మూడో జోన్‌లో (ఒకే వాల్వ్ కింద నడిచే భాగం), పల్లంలో ఉన్న హెడ్ (నీళ్లు చిమ్మే మూతి) దగ్గర నీళ్లు ఊరుతున్నాయి. హెడ్ మార్చినా అంతే. నాలుగో జోన్ అసలు తెరుచుకోవడమే లేదు. ఏం చేయాలి?

జవాబు: జోన్ ఆగాక గంటసేపు గమనించండి. కాసేపు కారి ఆగిపోతే అది పైపులో మిగిలిన నీరే. ఆ ఒక్క చోట చెక్ వాల్వ్ (పైపులో మిగిలిన నీరు కారకుండా ఆపే మూత) ఉన్న హెడ్ పెడితే సరిపోతుంది. గంట దాటినా ఊరుతుంటే హెడ్‌ని ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ. తప్పు ఆ జోన్‌కు నీళ్లు వదిలే, ఆపే వాల్వ్‌ది.

సిస్టమ్‌కు నీళ్లు ఆపి, వాల్వ్ బాక్స్ మూత తీయండి. చెయ్యి పెట్టే ముందు లోపల చూసుకోండి, ఎండాకాలం ఎర్రచీమలకు అదే కాపురం. వాల్వ్ మీది బ్లీడ్ స్క్రూ (ప్రెషర్ వదిలే చిన్న మర) వదులు చేసి ప్రెషర్ పోనివ్వండి. తర్వాత వాల్వ్ పై మూత మరలు విప్పండి. స్ప్రింగు ఎగిరిపోకుండా పట్టుకోండి. లోపలి రబ్బరు పొరను (డయాఫ్రమ్) నీళ్లలో కడిగి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. చాలా మోడళ్లలో దానికి సూది మొనంత రంధ్రం ఉంటుంది. నీరు దాంట్లోంచి పై గదిలోకి చేరి రబ్బరును కిందికి అదిమితేనే వాల్వ్ మూసుకుంటుంది. ఒక్క ఇసుక రేణువు అక్కడ ఇరుక్కున్నా మూసుకోదు. రబ్బరు చిరిగితే అదే మోడల్ డయాఫ్రమ్ కొనండి. మరలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

నాలుగో జోన్ సంగతి: నీళ్లు మళ్లీ వదిలి, సోలెనాయిడ్‌ను (వాల్వ్ మీద తీగలున్న, కరెంటుతో దాన్ని తెరిచే భాగం) చేత్తో పావు చుట్టు వదులు చేయండి. నీళ్లొస్తే వాల్వ్ మంచిదే, లోపం కరెంటులో ఉంది. కంట్రోలర్ దగ్గర ఆ జోన్ తీగ, కామన్ తీగ (అన్ని వాల్వ్‌లకూ ఉమ్మడిది) విప్పి, రెంటి మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. సాధారణంగా 20 నుంచి 60 మధ్య రావాలి. సున్నా దగ్గరైతే షార్ట్. అసలు రీడింగే రాకపోతే తీగ తెగిందో, సోలెనాయిడ్ లోపలి కాయిల్ కాలిందో. వాల్వ్ దగ్గర తీగలు విప్పి సోలెనాయిడ్‌నే కొలిస్తే ఏదో తేలిపోతుంది. అది బాగుంటే ముందు అతుకులు చూడండి. నల్ల టేపు చుట్టిన అతుకు ఆ తడిలో ఎక్కువ కాలం నిలవదు. గ్రీజు నింపిన కనెక్టర్లే వాడండి.

ప్రశ్న: మాది టెక్సాస్‌లోనే ప్లేనో, బెర్ముడా గడ్డి. స్ప్రింక్లర్ 20 నిమిషాలు పెడితే నీళ్లు రోడ్డు మీదికి పోతున్నాయి, గడ్డి మాత్రం ఎండుతోంది.

జవాబు: ఇక్కడి బంకమట్టి నీళ్లు మెల్లగా తాగుతుంది. ఆ 20 నిమిషాలనే ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు చేసి, మధ్యలో గంట విరామం ఇవ్వండి. తెల్లవారుజామునే ముగించండి. మట్టి ఎండి ముడుచుకుంటే హెడ్లు ఒరుగుతాయి, కుంగుతాయి. వాటిని నిటారుగా నిలబెట్టాకే టైమింగ్ మార్చండి. చిమ్మే నీరు పొగమంచులా తేలిపోతుంటే ప్రెషర్ ఎక్కువ. స్ప్రే హెడ్లకు 30 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చాలు, ప్రెషర్ రెగ్యులేటర్ ఉన్నవి వేయించుకోండి.