దర్భ వంకతో, రాజు వంక

సందేహం: ఒక చిత్రకళా ప్రదర్శనకు తెలుగులో పరిచయవాక్యాలు రాసే పని నామీద పడింది. ప్రేమ, దాంపత్యం, స్నేహం, వైరం వంటి మానవసంబంధాలను నేరుగా కాక, వస్తువుల ద్వారా, జంతువుల ద్వారా సూచించిన చిత్రాలవి. ‘సింబల్’ అన్న అర్థంలో ప్రతీక, సంకేతం, చిహ్నం అని ఒక్కో చోట ఒక్కో మాట వాడాను. ‘అలిగరీ’ (పైకి ఒకటి చూపుతూ మరొకటి చెప్పడం) అన్న చోట ‘అన్యోపదేశం’ అని రాస్తే తప్పన్నారు. ఈ మాటలన్నిటికీ అర్థం ఒకటేనా? రవివర్మ శకుంతల చిత్రం కింద ‘ముల్లు ప్రేమకు ప్రతీక’ అని రాయవచ్చునా?

సమాధానం: తప్పన్నవారి మాట నిజమే. అన్య, ఉపదేశం కలిస్తే అన్యోపదేశం అవుతుంది కాని, దానికి ఇతరులకు బోధించడమనో, ఇతరులు చేసే బోధ అనో అర్థం వస్తుంది. మీకు కావలసింది అన్యాపదేశం. అందులో ఉన్నది ఉపదేశం కాదు, అపదేశం. ఈ అపదేశమనే మాటను మనం దాదాపుగా పోగొట్టుకున్నాం. ఒక్క అన్యాపదేశంలో మాత్రం అది మిగిలి ఉంటే, అక్కడా ఉపదేశం వచ్చి కూర్చుంటున్నది. మీరు అడిగిన చివరి ప్రశ్నకు సమాధానం ఈ మాటలోనే ఉన్నది కనుక దాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

‘దిశ్’ అనే ధాతువుకు చూపడమని అర్థం. చూపు పోయే వైపు దిశ. దగ్గర కూర్చోబెట్టుకుని చూపితే ఉపదేశం, ఇలా చెయ్యమని చూపితే ఆదేశం, ఇదీ అని వేలుపెట్టి చూపితే నిర్దేశం, దూరాన ఉన్నవారికి అందేలా పంపితే సందేశం. ‘అప’ అనే ఉపసర్గకు తొలగడం, పక్కకు పోవడం అనే భావం ఉన్నది కదా. చూపవలసినదాన్ని చూపకుండా, చూపును పక్కకు తొలగించి మరొకదాన్ని చూపడం అపదేశం. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు ‘వ్యాజోఽపదేశో లక్ష్యం చ’ అని దీన్ని వ్యాజానికి, అంటే నెపానికి, పర్యాయంగా చెప్పాడు. తర్కంలో హేతువును చెప్పడం అనే అర్థం కూడా దీనికి ఉన్నది కాని, అది ఇక్కడ మనకు పనికిరాదు.

అపదేశానికి తెలుగులో నెపం, సాకు, మిష అనే మాటలు ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది వంక. ‘జ్వరం వంకతో బడి మానేశాడు’ అన్నప్పుడు వంక అంటే నెపం, ‘నా వంక చూశాడు’ అన్నప్పుడు వైపు, నెలవంకలో వంపు. సంస్కృతంలో దిశకూ అపదేశానికీ ఉన్న చుట్టరికమే తెలుగులో ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. వైపును చెప్పే మాటే నెపాన్ని కూడా చెప్పడం, అది కూడా వేరువేరు కుటుంబాలకు చెందిన రెండు భాషల్లో జరగడం చూసినప్పుడల్లా నాకు ఆనందం కలుగుతుంది. తిన్నగా చూడలేనివాడు చూపును వంచుకుని చూస్తాడు. ఆ వంపే వంక. మన వ్యాసాల్లో ఈ మాట మొరటుదనుకుని ‘కారణాన్ని సాకుగా చూపుతూ’ అని మూడు మాటలు రాస్తున్నారు. అది నాకు నచ్చదు.

ఇప్పుడు శకుంతల దగ్గరకు వద్దాం. కాళిదాసు నాటకం మొదటి అంకం చివర ఆమె సఖులతో ఆశ్రమానికి వెళ్ళిపోతూ, కొత్త దర్భమొన పాదానికి గుచ్చుకున్నదనీ, నారచీర గోరింటకొమ్మకు తగులుకున్నదనీ చెప్పి ఆగుతుంది. అక్కడ కవి ఇచ్చిన సూచన ‘రాజానమవలోకయంతీ సవ్యాజం విలంబ్య’, అంటే రాజును చూస్తూ, నెపంతో ఆలస్యం చేసి, అని. అమరం చెప్పిన వ్యాజమే ఇది. రెండవ అంకంలో దుష్యంతుడు ఇదే ముచ్చటను విదూషకుడికి చెప్పుకుంటాడు.

దర్భాంకురేణ చరణః క్షత ఇత్యకాండే
తన్వీ స్థితా కతిచిదేవ పదాని గత్వా
ఆసీద్వివృత్తవదనా చ విమోచయంతీ
శాఖాసు వల్కలమసక్తమపి ద్రుమాణామ్

నాలుగడుగులు వేసి, దర్భమొన గుచ్చుకున్నదని ఊరకే ఆగిపోయింది; కొమ్మలకు తగులుకోకపోయినా నారచీరను విడిపించుకుంటూ ముఖం ఇటు తిప్పి నిలబడింది, అని దీని భావం. ‘అసక్తమపి’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. తగులుకోలేదు, అయినా విడిపిస్తున్నది. ఆ మాట లేకపోతే ఇది అడవిలో నడిచే ఏ ఆడపిల్లకైనా కలిగే ఇబ్బంది మాత్రమే. ఆ ఒక్క మాటతో లేని చిక్కును విడదీసే వేళ్ళు మనకు కనిపిస్తాయి, ఆ వేళ్ళు ఎందుకు కదులుతున్నాయో అర్థమవుతుంది.

రవివర్మ (1848–1906) నారచీరను వదిలి పాదాన్ని తీసుకున్నాడు. సఖి భుజం ఆసరాగా ఒక కాలు ఎత్తి, చెయ్యి పాదం దగ్గరకు పోనిచ్చి, ముఖం మాత్రం వెనక్కి తిప్పి ఉంటుంది శకుంతల. చెయ్యి ఒక వంక, చూపు ఒక వంక. ఆమె చూస్తున్న దుష్యంతుడు పటంలో లేడు. పటంలో చూపవలసిన ముఖ్యుణ్ణి చూపకుండా, గుచ్చుకోని దర్భను చూపి, చూపు మలుపుతో అతన్ని తెలియజేశాడు చిత్రకారుడు. అపదేశమనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నిఘంటువుల్లో వెతికినా దొరకదు. మరొక సంగతి, అది ముల్లు కాదు. మనం అలవాటుగా ముల్లు అంటున్నాం కాని, కవి చెప్పినది దర్భమొన.

మరి ఆ దర్భ ప్రేమకు ప్రతీకా? కాదు. ‘అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు’ అంటాం. ఆ సామెతలో దుత్త అత్తకు ప్రతీక కాదు కదా. కోపం తిన్నగా పోవలసిన చోటికి పోలేక, చేతికందిన దాని మీదికి మళ్ళింది. దుత్త బదులు చెంబు దొరికినా పని జరిగేది. దర్భ కూడా అంతే. దానిలో ప్రేమ ఏమీ లేదు. ఉన్నదంతా దాన్ని వంకగా పెట్టుకున్న పిల్లలోనే ఉన్నది.

ఇక ప్రతీక గురించి. ‘అంగం ప్రతీకోఽవయవోఽపఘనః’ అని అమరం. అసలు అర్థం అవయవం. శ్లోకం మొదటి మాటను మాత్రం చెప్పి శ్లోకమంతటినీ గుర్తుచేసే వ్యాఖ్యాతలు ఆ మాటను ప్రతీక అన్నారు. ఈ వాడుకలో భాగం ముందుకు వచ్చి నిలబడి మొత్తాన్ని గుర్తుచేస్తుంది. ఆధునికులు దీన్ని ‘సింబల్’కు తీసుకోవడం నాకు అభ్యంతరం కాదు, స్థిరపడిన వాడుకను ఇప్పుడు కాదనలేం. కాని పువ్వు కనబడితే ప్రతీక, పిట్ట కనబడితే ప్రతీక అనడం, చివరకు వార్తకు సంబంధించిన ఫొటో దొరకనప్పుడు ఏదో ఒక ఫొటో వేసి ‘ప్రతీకాత్మక చిత్రం’ అని కింద రాయడం చూస్తే బాధ కలుగుతుంది. అక్కడ ‘నమూనా చిత్రం’ అంటే సరిపోతుంది.

సంకేతం దీనికంటే బిగువైన మాట. ప్రేమికులు ముందుగా అనుకున్న తావు సంకేతం. అభిసారిక వెళ్ళేది అక్కడికే. ఈ పదానికి ఈ అర్థం అని ఏర్పడిన కట్టుబాటును కూడా అన్నంభట్టు తన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో సంకేతమనే అన్నాడు. రెండింటిలోనూ ముందస్తు ఒప్పందం ఉన్నది. కనుక గీసినవాడికీ చూసేవాడికీ మధ్య ఒప్పందం ఉంటేనే అది సంకేతం. యాన్ వాన్ ఐక్ 1434లో చిత్రించిన అర్నోల్ఫిని దంపతుల పటం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది. చేయీ చేయీ కలిపిన భార్యాభర్తలు, వారి పాదాల ముందు చిన్న కుక్కపిల్ల, విడిచిన చెక్కచెప్పులు, పగటివేళ వెలుగుతున్న ఒకే ఒక్క కొవ్వొత్తి, వెనుక గోడ మీద గుండ్రని అద్దం. 1934లో ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే పండితుడు దీన్ని పెళ్ళికి సాక్ష్యపత్రం వంటిదని చెప్పి, కుక్క దాంపత్య విశ్వాసమనీ, విడిచిన చెప్పులు పవిత్రస్థలాన్ని తెలుపుతాయనీ వ్యాఖ్యానించాడు. తరువాతి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. కుక్క ఇంటి కుక్క కూడా కావచ్చునన్నారు. అందుచేత ఆ పటం కింద ‘కుక్క విశ్వాసానికి సంకేతం’ అని తేల్చి రాయకండి. ‘విశ్వాసానికి సంకేతంగా కొందరు భావించారు’ అనండి. దుష్యంతుడే ఒకచోట, ఆమె చూపులూ నడకా అన్నీ తన కోసమే అనిపించినప్పుడు ‘అహో కామీ స్వతాం పశ్యతి’ అని తనను తాను హెచ్చరించుకున్నాడు. కోరుకున్నవాడికి అంతా తనదిగానే కనబడుతుందని. వ్యాఖ్యాతకు కూడా ఆ హెచ్చరిక అవసరమే.

చిహ్నం కేవలం గుర్తు. జెండా మీదిది, ఎన్నికలది. దాన్ని అక్కడే ఉండనివ్వండి.

అన్యాపదేశాన్ని మాత్రం పటమంతా మరొక విషయాన్ని చెబుతున్నప్పుడే వాడాలి. కావ్యాల్లో దీన్ని అన్యోక్తి అని కూడా అంటారు. సింహాన్నీ తుమ్మెదనూ ఉద్దేశించి అన్నట్టు అని మనుషులను అనడం. మీ ప్రదర్శనలో ఉన్నా లేకపోయినా ఒక ఉదాహరణ చెబుతాను. 1618 ప్రాంతంలో అబుల్ హసన్ చిత్రించిన మొగలు పటం వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉన్నది. జహంగీరు, ఇరాన్ షా అబ్బాసు భూగోళం మీద నిలబడి కౌగిలించుకుంటారు. జహంగీరు పాదాల కింద సింహం, అబ్బాసు పాదాల కింద గొర్రె, రెండూ పక్కపక్కనే పడుకుని ఉంటాయి. జహంగీరు దిట్టంగా, అబ్బాసు సన్నగా, ఒదిగినట్టుగా కనిపిస్తాడు. వారిద్దరూ జీవితంలో ఎన్నడూ కలుసుకోలేదు. ఇది జహంగీరు కన్న కలగా పటం మీదనే రాసి ఉన్నది. సోదరప్రేమ అనే మాట పైకి చెబుతూ పెద్ద ఎవరో చిన్న ఎవరో జంతువులతో చెప్పించిన పటం ఇది. 1622లో అబ్బాసు కాందహారును పట్టుకున్నాడు. దీన్ని నిస్సంకోచంగా అన్యాపదేశ చిత్రం అనవచ్చు.

శకుంతల పటాన్ని అలా అనవచ్చునా అంటే, అనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పటమంతా శకుంతల కథే తప్ప మరొకటి కాదు. ఉన్నది ఒక్క అపదేశం. అయితే పటాన్ని మొత్తంగా కన్యాహృదయానికి అన్యాపదేశంగా చదివేవారు ఉంటే వారితో నేను గట్టిగా వాదించను. మీ పరిచయవాక్యంలో మాత్రం ‘దర్భ గుచ్చుకున్న వంకతో వెనుదిరిగి చూస్తున్న శకుంతల’ అని రాయండి. దుష్యంతుని పేరు అక్కడ రాయకండి. రవివర్మ అతన్ని పటంలో పెట్టలేదు.