జవాబులు: పురుగుకు బీటీ అలవాటవుతుందా?

ప్రశ్న: ఉల్లిపొర స్లైడులో నల్లటి అంచులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. పుస్తకంలో బొమ్మేమో ఇటుకల గోడలా ఉంది. ఏది సరైంది? – తొమ్మిదో తరగతి విద్యార్థి, నంద్యాల

జవాబు: బొమ్మే సరైంది. మీరు చూసినవి గాలి బుడగలు. రికార్డు పుస్తకాల్లో ఈ బుడగలే కణాలుగా చెలామణి కావడం కొత్తేమీ కాదు!

కండగల ఉల్లి రేకు ఒకటి తీసుకుని, గుంటగా ఉండే లోపలివైపు పలుచని పొరను పట్టకారుతో లాగండి. కండ అంటుకుని వచ్చిన చోట వెలుతురు దాటదు, ఆ ముక్క వదిలేయండి. పొరను వెంటనే నీళ్లలో వేయకపోతే ఎండి చుట్టుకుపోతుంది. అర సెంటీమీటరు ముక్క చాలు. దాన్ని స్లైడు మీద నీటిచుక్కలో మడతల్లేకుండా పరిచి, పలుచన చేసిన అయోడిన్ ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి. కవర్‌స్లిప్పును పైనుంచి పడేయకండి. ఒక అంచు నీటికి ఆనించి, సూది ఆసరాతో మెల్లగా వాల్చండి. బుడగలు రాకుండా చూసే కిటుకంతా ఇక్కడే ఉంది.

కేంద్రకం కణం మధ్యలో కాకుండా ఓ పక్కకు నెట్టేసినట్టు కనిపిస్తుంది. లోపలి చోటంతా పెద్ద రిక్తిక (రసంతో నిండిన సంచి) ఆక్రమించడమే కారణం. అయోడిన్ వేసినా నీలిరంగు రాలేదని కంగారు పడొద్దు. పిండిపదార్థం ఉంటేనే అయోడిన్‌తో ఆ రంగు వస్తుంది. ఉల్లి తన ఆహారాన్ని పిండిపదార్థంగా కాక చక్కెరల రూపంలో దాచుకుంటుంది.

ప్రశ్న: టమాటా శాస్త్రీయ నామం పాత పుస్తకంలో లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అనీ, కొత్త దాంట్లో సొలానమ్ లైకోపెర్సికమ్ అనీ ఉంది. ఏది రాయాలి? – ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: రెండోది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరూ అదే. తర్వాత ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త ఫిలిప్ మిల్లర్ 1768లో వేరే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, అంటే పేరులో మొదటి పదం) పేరు కట్టబెట్టాడు. డీఎన్ఏ పోలికలు చూశాక టమాటా మళ్లీ పాత గూటికే చేరింది. ఆలుగడ్డ, వంకాయ కూడా సొలానమ్‌లే. మిరప కుటుంబం ఒకటే గానీ ప్రజాతి వేరు. ఈ చుట్టరికం కాగితానికే పరిమితం కాదు. వంగ వేరుమొక్కపై టమాటా కొమ్మను అంటుకడితే అతుక్కుంటుంది. చేత్తో రాసేటప్పుడు రెండు పదాల కిందా విడివిడిగా గీత గీయండి. ఇంగ్లిషులో మొదటి పదానికే పెద్దక్షరం.

ప్రశ్న: ఏళ్ల తరబడి బీటీ పత్తి వేస్తుంటే గులాబీ రంగు పురుగుకు అది అలవాటైపోయిందంటున్నారు. పరిణామం అంటే ఇదేనా? – పత్తి రైతు, ఆదిలాబాద్

జవాబు: పరిణామమే. బీటీ పత్తి అంటే, నేలలోని ఓ బ్యాక్టీరియా జన్యువును చేర్చడంతో పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే పత్తి. కానీ 'అలవాటు' అన్న మాట దారి తప్పిస్తుంది. ఏ పురుగూ బీటీ తిని తిని రాటుదేలలేదు. దాన్ని తట్టుకునే జన్యువున్నవి ఎక్కడో కొన్ని ఉంటాయి. తక్కినవి చచ్చాక మిగిలినవే జతకట్టాయి. మారింది ఒక్కో పురుగు కాదు, తరాలు గడిచేకొద్దీ పురుగుల మంద.

ఆ గుణం చాలావరకు అంతర్గతం. అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు రెండు ప్రతులు వస్తేనే పురుగు బతుకుతుంది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్-బీటీ విత్తనం ఇచ్చింది ఇందుకే. చేను చుట్టూ ఐదు వరుసలు గానీ 20 శాతం విస్తీర్ణం గానీ, ఏది ఎక్కువైతే అంత వేయాల్సి ఉండేది. అక్కడ పెరిగిన మామూలు రెక్కల పురుగులు, బీటీ చేలో బతికి బయటపడ్డ వాటితో జతకడితే పిల్లలకు ఒక్క ప్రతే వస్తుంది. అవి బీటీ కాయ తింటే చస్తాయి. ఆ చిన్న ప్యాకెట్‌ను చాలామంది గట్టున పారేశారు. 2002లో అనుమతి పొందిన పంటలో, 2010 నాటికే గుజరాత్‌లో తట్టుకునే పురుగు బయటపడింది.

మరి పత్తి కాయనే తొలిచే శనగపచ్చ పురుగు సంగతి? అది కంది, శనగ, టమాటా మీదా బతుకుతుంది కాబట్టి, నాన్-బీటీ వరుసల పని ఆ చేలే చేసిపెట్టాయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది: రేకులు విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తే ఏరి, లోపలి పురుగుతో సహా నాశనం చేయండి. లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగ వాటిని రప్పించే ఉచ్చు) వరుసగా మూడు రోజులు రోజుకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే మందు కొట్టే వేళయినట్టు. పంటను ఫిబ్రవరి, మార్చి దాకా సాగదీయొద్దు. చివరి కాయల్లో నిద్రావస్థలోకి వెళ్లిన పురుగే వచ్చే ఏడు లేస్తుంది. పత్తి కట్టెను గట్టున కుప్పేసి ఉంచడం కూడా దానికి ఇల్లు కట్టివ్వడమే.