కెంపు అంటే రాయా, రంగా?

బెంగళూరులో ఆటో డ్రైవర్ సిగ్నల్ చూసి "కెంపు" అన్నాడు, అది మన కెంపేనా అని అడిగారు కదా, అవును, ఒకటే మాట. కన్నడంలో కెంపు అంటే మామూలు ఎరుపు రంగు, రాయికీ అదే పేరు. మనకి ఆ రంగు అర్థం పూర్తిగా పోలేదు, కోపంతో కళ్లు కెంపెక్కాయి, సిగ్గుతో బుగ్గలు కెంపెక్కాయి అంటాం గానీ ఎర్ర చొక్కాని కెంపు చొక్కా అని మాత్రం అనం. మాణిక్యం, పద్మరాగం అన్నా ఈ రాయే, నవరత్నాల్లో సూర్యుడిది. కెంపు, నీలం రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం, క్రోమియం కలిస్తే ఎర్రబడుతుంది. ఒక్క జాగ్రత్త: భరతనాట్యం నగల్లో కెంపులు అని ఇక్కడ షాపుల్లో అమ్మేవి ఎక్కువగా గాజు రాళ్లో, ల్యాబ్‌లో చేసినవో, వాటికి రత్నం ధర పెట్టకండి.