అమ్మలూ, ఒక్క బాటిల్ కొనకు, మూడు కొను

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. షాపులో గోడ నిండా బాటిళ్ళున్నాయి మావయ్యా, చేతిలో డబ్బులేమో తక్కువ, తెచ్చుకున్నది మంచిదో కాదో కూడా చెప్పలేకపోతున్నా అన్నావు కదా. ముప్పై ఏళ్ళుగా నేను తాగినవాటిలో ఎక్కువ భాగం తక్కువ ధర వైన్లే, కాబట్టి నాకు తెలిసిందంతా రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మొదటి మాట, ఒక్క బాటిల్ కొని దాన్ని జడ్జ్ చెయ్యాలని చూడకు. మూడు కొను, ఒకే ద్రాక్షవి, మూడు వేరువేరు చోట్లవి. ఒక్కటే తాగితే బానే ఉంది అనటం తప్ప ఇంకేం తోచదు, అదే పక్కన ఇంకోటి పెడితే ఇది పుల్లగా ఉంది, అది పల్చగా నీళ్ళలా ఉంది అని నాలుకే చెప్పేస్తుంది. ఖర్చు పంచుకోవటానికి ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌ని కలుపుకో. బాటిల్లో 750 ఎంఎల్ ఉంటుంది, రుచికి 50 ఎంఎల్ చాలు, అంటే ఒక్కోదాంట్లో 15 సార్లు పొయ్యొచ్చు. ఆ 50 నా లెక్క కాదులే, 1977లో ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాళ్ళు రుచి చూసే గ్లాసుకి స్టాండర్డ్ పెట్టినప్పుడు దాదాపు 215 ఎంఎల్ పట్టే గ్లాసులో 50 మాత్రమే పొయ్యాలన్నారు, మిగతా ఖాళీ అంతా వాసన నిలవటానికి. నువ్వు ఆ గ్లాసే వెతుక్కోనక్కర్లేదు, పొట్ట వెడల్పుగా మూతి సన్నగా ఉన్నది ఏదైనా సరే.

తర్వాత ఆ మూడిటికీ కాగితం సంచులు తొడిగి 1, 2, 3 అని రాసెయ్యి, ఏ సంచిలో ఏ బాటిల్ ఉందో తాగేవాళ్ళకి తెలియకూడదు. ఇది అనవసరం అనుకోకు. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువు చదువుతున్న 54 మందికి వాసన లేని ఎర్ర రంగు కలిపిన వైట్ వైన్ ఇస్తే వాళ్ళు దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. కన్ను ముందే తీర్పు ఇచ్చేసింది, ముక్కు దాని వెనకాల నడిచింది. అంతకు ముందు 1976లో ప్యారిస్‌లో వైన్ షాపు నడిపే స్టీవెన్ స్పరియర్ అనే ఆయన పేర్లు దాచి ఫ్రెంచ్ జడ్జీలకి ఫ్రాన్స్ వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ కలిపి పోస్తే రెడ్‌లోనూ వైట్‌లోనూ ఫస్ట్ వచ్చింది కాలిఫోర్నియావే. అంత అనుభవం ఉన్నవాళ్ళకే సంచి అవసరమైతే మనకి ఇంకా ఎక్కువ అవసరం కదా.

ఇప్పుడు వాసన. గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి చూడు. తిప్పినప్పుడు గ్లాసు గోడల మీద ధారలు దిగుతుంటే మంచి వైన్ అంటారు కొందరు, నమ్మకు, అది ఆల్కహాల్ వల్ల వచ్చేది, క్వాలిటీకి సంబంధం లేదు. పండ్లు పూలు అని లిస్టులు చదవటం కన్నా ముందు ఒక్కటే ప్రశ్న వేసుకో, ఇది శుభ్రంగా ఉందా? ఒకసారి మా ఇంట్లో నలుగురం కూర్చుని ఒక రెడ్ తెరిచాం, లేబుల్ చాలా గొప్పగా ఉంది, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకి తడిసిన అట్టపెట్టె వాసన, పండు వాసన అన్నదే లేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం గానీ ఎవ్వరం నోరు విప్పలేదు, ఇలాగే ఉంటుందేమోలే అనుకుని మొత్తం తాగేశాం. చాలా రోజుల తర్వాత తెలిసింది అది కార్క్ పాడైన వైన్ అని, టీసీఏ అనే పదార్థం వల్ల వస్తుంది, లీటరు వైన్‌లో అది గ్రాములో వంద కోట్లవ వంతులు ఏ కొన్ని ఉన్నా చాలు ముక్కు పట్టేస్తుంది. ఆరోగ్యానికి హాని లేదు గానీ వైన్ చచ్చిపోతుంది. అలాంటిది తగిలితే సగం తాగి కాదు, ఒక్క గుక్కతోనే ఆపి మూత పెట్టి షాపుకి తీసుకెళ్ళి అడుగు, మొహమాటపడకు. వెనిగర్ వాసన, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, వైట్ వైన్ గోధుమ రంగుకి తిరిగి కోసి వదిలేసిన యాపిల్ వాసన రావటం, ఇవి కూడా లోపాలే. కాల్చిన అగ్గిపుల్ల వాసన వస్తే మాత్రం తొందరపడకు, గ్లాసుని గట్టిగా నాలుగుసార్లు తిప్పి పది నిమిషాలు వదిలెయ్యి, చాలాసార్లు పోతుంది.

నోట్లోకి తీసుకున్నాక వెంటనే మింగకు, నోరంతా తిప్పు. పులుపు నాలుక పక్కల నీరూరిస్తుంది, వగరు చిగుళ్ళని పట్టేస్తుంది, పాలు లేకుండా బాగా మరిగించిన టీ తాగినప్పటిలా. ఇంగ్లీషు పుస్తకాలు టానిన్ అంటే ఏంటో పేరాలు పేరాలు రాస్తాయి, మనకి వగరు అన్న ఒక్క మాట చాలు, అది ద్రాక్ష తొక్క నుంచీ గింజల నుంచీ వస్తుంది, అందుకే తొక్కతో కలిపి పులియబెట్టే రెడ్‌లోనే ఎక్కువ. తర్వాత తీపి ఎంతుందో, గొంతులో ఆల్కహాల్ మంట ఎంతుందో చూడు. ఈ నాలుగిట్లో ఏ ఒక్కటీ మిగతావాటి నెత్తినెక్కి కూర్చోకుండా ఉంటే అది మంచి చవక వైన్, నేను వెతికేది అదే. చవక వైన్‌లో లోతు లేదని తిట్టటం అన్యాయం, శుభ్రంగా, తాజాగా, నాలుగూ కుదిరి ఉంటే దాని పని అది చేసినట్టే. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో మనసులో లెక్కపెట్టు, మూడు అంకెల లోపే మాయమైతే మామూలుది, పది దాకా ఉంటే ఆ నంబరు పక్కన టిక్ పెట్టు.

వనిల్లా వాసన గుప్పుమంటే కాస్త ఆగి ఆలోచించు, అది ఓక్ అనే చెక్క నుంచి వచ్చేది. 225 లీటర్ల కొత్త ఓక్ పీపా చాలా ఖరీదు, దాంట్లో పట్టేది 300 బాటిళ్ళే, చవక వైన్‌కి అది గిట్టుబాటు కాదు, అందుకే వైన్‌లో ఓక్ ముక్కలు నానబెడతారు, యూరప్‌లో కూడా 2006 నుంచి దానికి అనుమతి ఉంది. తప్పేం కాదు, కానీ ఆ వనిల్లా వెనకాల పండు ఉందా లేదా చూడు, లేకపోతే మేకప్ ఒక్కటే కొన్నట్టు.

షాపులో ఎంచుకోవటం గురించి. అన్నిటికన్నా చవకది వదిలేసి ఒక మెట్టు పైది తీసుకో, ఎందుకంటే గాజు, మూత, లేబుల్, రవాణా ఖర్చు రెండిటికీ ఇంచుమించు ఒకటే, ఎక్కువ పెట్టిన డబ్బులో పెద్ద భాగం లోపలి వైన్‌కే వెళ్ళే అవకాశం ఉంది. ఎండ పడే అద్దం పక్కన నిలబెట్టినవి, కార్క్ పైకి తన్నుకొచ్చినవి ముట్టుకోకు. తెల్ల గాజు బాటిళ్ళైతే వెలుతురుకి ఇంకా తొందరగా పాడవుతాయి. చవక వైట్, రోజే (లేత గులాబీ రంగు వైన్) అయితే లేబుల్ మీద ఈమధ్య సంవత్సరం ఉన్నవే తీసుకో, దాచుకునే సరుకు కాదు. స్క్రూ మూత ఉంటే చిన్నచూపు చూడకు, నేనైతే చవకలో అదే ముందు వెతుకుతా. పేరున్న ఊరు కన్నా దాని పక్క ఊరు మేలు, షాంపేన్ బదులు క్రెమాన్ అలాగే, అది ఫ్రాన్స్‌లోనే వేరే చోట్ల అదే పద్ధతిలో చేసే బుడగల వైన్. పేరు పెద్దగా మోగని చోట్లు చూడు, పోర్చుగల్ రెడ్లు, ఇటలీ మోంటెపుల్చానో దబ్రుజ్జో. ఈ రెండోదాంట్లో ఒక తిరకాసుంది, ఇక్కడ మోంటెపుల్చానో అంటే ద్రాక్ష పేరు, వీనో నోబిలే ది మోంటెపుల్చానో అనేది మాత్రం ఊరి పేరు మీద వచ్చిన వేరే వైన్, దాన్ని ఎక్కువగా సాంజొవేసే ద్రాక్షతో చేస్తారు. చిలీలో కార్మెనేర్ అనే ద్రాక్షతో చేసే రెడ్ కూడా ప్రయత్నించు, పచ్చి క్యాప్సికం వాసన వస్తే భయపడకు, అది దాని స్వభావం. 1994లో జాన్ మిషెల్ బూర్సికో అనే ఆయన తోటలో చూసి గుర్తుపట్టే దాకా దాన్ని మెర్లో అనే వేరే ద్రాక్ష అనుకునే పెంచారట, పెంచేవాళ్ళకే తెలియనప్పుడు నీకు రాకపోతే సిగ్గెందుకు.

రెడ్‌ని వేడిగా ఉన్న గదిలోంచి నేరుగా పొయ్యకు, 16-18 డిగ్రీల దగ్గర ఉండేలా అరగంట ఫ్రిజ్‌లో పెట్టు, లేకపోతే ఆల్కహాల్ మంటే ముందొస్తుంది. వైట్‌ని మరీ మంచులా చల్లబెడితే లోపాలన్నీ దాక్కుంటాయి, రుచి చూసేటప్పుడు 10-12 చాలు. ఎప్పుడైనా రకాలు కలిపి పెడితే ముందు వైట్లు, తర్వాత రెడ్లు, తీపివి చివర్న. ఉమ్మటానికి ఒక గిన్నె పెట్టుకో, నాలుగో గ్లాసు మింగాక ఎవరి తీర్పూ పనికిరాదు, ఇందులో నాకు ఎలాంటి మినహాయింపూ లేదు. ఇంటికి బండి మీద వెళ్ళే వాళ్ళుంటే ఉమ్మటమే, ఇంకో మాట లేదు.

సంచులు విప్పే ముందే ఏ నంబరుకి ఎన్ని మార్కులో అందరూ కాగితం మీద రాసెయ్యండి, విప్పాక మార్చుకోకూడదు. మిగిలిన వైన్‌కి మూతలు బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే వరసలో తాగి చూడు, మొదటి రోజు మూసుకుని ఉన్నది రెండో రోజు విచ్చుకోవచ్చు, ఘుమఘుమలాడినది చప్పబడిపోవచ్చు. రెండు రోజుల మార్కులూ పక్కపక్కన రాసి ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు, ఏ నంబరు ఏ బాటిలో మాత్రం చెప్పకు, ఏది ఏదో చదివి నేను చెప్తా.

మీ మావయ్య